నట్టు పట్టు, మర లెక్క

బైకు వెనక చక్రం పక్కన వంగి చూస్తే, ఇరుసు వెనకాల, చక్రాన్ని రెండు కాళ్లతో పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ కొసన, చిటికెన వేలికన్నా సన్నటి మర ఒకటి బయటికి పొడుచుకుని కనిపిస్తుంది. దాని మీద ఒక చిన్న నట్టు, దాన్ని కదలకుండా పట్టి ఉంచే లాక్ నట్టు. ఎడమ పక్క ఒకటి, కుడి పక్క ఒకటి. చైన్ లూజయిందని బండి ఇస్తే మెకానిక్ తిప్పేది వీటినే. పేరు చైన్ అడ్జస్టర్. అది ఉన్నంతకాలం ఎవరికీ పట్టదు. విరిగిన రోజున మాత్రం ప్రతివాడూ అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, ఇట్లాగే ఇంటిదాకా పోవచ్చా?"

మెకానిక్ జవాబు కూడా ఇంచుమించు అన్ని ఊళ్లలో ఒకటే. వంగి చూస్తాడు, ఇరుసు నట్టు మీద పెద్ద పానా వేసి గట్టిగా ఒక గుంజు గుంజుతాడు. "ఏం కాదులే, మెల్లగా పోనీయ్" అంటాడు. ఆ మాటలో సగం నిఖార్సయిన భౌతికశాస్త్రం. మిగతా సగం దేవుడి మీద భారం. ఎక్కడిదాకా శాస్త్రమో, ఎక్కడినుంచి దేవుడో తేల్చాలంటే ముందు ఆ ఇరుసు మీద ఎంత బరువు పడుతుందో లెక్క వేయాలి.

లెక్కకు మన రోడ్ల మీద ఎటు చూసినా కనిపించే 100 సీసీ బండినే తీసుకుందాం. 1985లో హీరో హోండా సీడీ 100తో మొదలై, 1994లో స్ప్లెండర్ దిగాక, పాలక్యాన్లు మోసేదీ అదే, గడ్డిమోపు మోసేదీ అదే, పిల్లల్ని బడిలో దింపేదీ అదే అయింది. ఇలాంటి ఇంజన్ ఇచ్చే టార్క్ ఎంత ఎక్కువన్నా 8 న్యూటన్ మీటర్ల దరిదాపు. అడుగు పొడవున్న పానా కొసకు రెండున్నర కిలోల పైచిలుకు బరువు వేలాడదీస్తే వచ్చేంత మాత్రమే. అయితే ఇంజన్ లోపలి పళ్లచక్రాలూ ఫస్ట్ గేరూ కలిసి దాన్ని సుమారు 12 రెట్లు చేస్తాయి. గేరుబాక్సు పక్కన ఉండే చిన్న స్పాకెట్ దగ్గరికి వచ్చేసరికి అది 96 న్యూటన్ మీటర్లు. ఆ స్పాకెట్‌కు 14 పళ్లు, చైన్‌లో లింకుకూ లింకుకూ మధ్య దూరం 12.7 మి.మీ. అంటే స్పాకెట్ వ్యాసార్ధం 28 మి.మీ. చిల్లర. టార్క్‌ను అంత చిన్న వ్యాసార్ధంతో భాగిస్తే చైన్ మీద పడే లాగుడు 3,300 న్యూటన్లు దాటుతుంది. కిలోల్లో చెప్పాలంటే 340. లోపల రాపిడికి పోయేది తీసేసినా 300కు తగ్గదు. ఫస్ట్ గేరులో యాక్సిలేటర్ పూర్తిగా తిప్పిన ఆ రెండు మూడు సెకన్లలో, ఆరు బస్తాల సిమెంటు బరువు ఆ సన్నటి చైన్‌కు వేలాడుతున్నట్టే.

చైన్ పైవరస చక్రాన్ని ముందుకు, ఇంజన్ వైపు లాగుతుంది. అదే సమయంలో టైరు రోడ్డును వెనక్కి నెడుతుంది, రోడ్డు తిరిగి చక్రాన్ని ముందుకు తోస్తుంది. వెనక స్పాకెట్ వ్యాసార్ధం 88 మి.మీ., చక్రానిది దాదాపు 300. చైన్ 340 కిలోలతో లాగితే రోడ్డు తోపు 100 కిలోలకు వస్తుంది. బండిని నిజంగా ముందుకు నడిపేది ఈ 100 మాత్రమే. ఆ 340 కిలోలు ఇంజన్నూ చక్రాన్నీ ఒకదాని మీదికి ఒకటి లాక్కుంటూ ఫ్రేములోనే తేలిపోతాయి. కానీ ఇరుసుకు రెండూ ఒకటే. రెండూ దాన్ని ముందుకే నెడతాయి. మొత్తం 440 కిలోలు.

ఇక్కడ గమనించాల్సింది, ఇరుసు కూర్చున్నది గుండ్రటి రంధ్రంలో కాదు. చైన్ అరిగేకొద్దీ చక్రాన్ని వెనక్కి జరపాలి కాబట్టి స్వింగ్ ఆర్మ్‌కు పొడవునా సాగిన గాడి పెడతారు. అంటే ఇరుసు ముందుకు జరగడానికి దారి ఎప్పుడూ తెరిచే ఉంది. అది జరగకుండా ఆపుతున్నది ఏది? చాలామంది అనుకునే జవాబు అడ్జస్టర్. కంటికి కనిపించేది అదే కాబట్టి అలా అనుకోవడంలో వింతేమీ లేదు. అసలు పని చేస్తున్నది దాని పక్కనున్న పెద్ద నట్టు.

ఇరుసు అనేది నిజానికి ఒక పొడవాటి బోల్టు. నట్టు బిగించినప్పుడు అది కంటికి కనిపించనంత సాగుతుంది. సాగిన ఉక్కు మళ్లీ ముడుచుకోవాలని చూస్తుంది కాబట్టి రెండు కొసల మధ్య ఉన్నవన్నీ నొక్కుకుపోతాయి: ఎడమ పక్క స్వింగ్ ఆర్మ్ కాలు, బుష్షు, బేరింగుల లోపలి చుట్లు, వాటి మధ్య హబ్బులో ఉండే గొట్టం, బ్రేక్ ప్లేటు, కుడి పక్క కాలు. 12 మి.మీ. మర ఉన్న ఇరుసు మీద 50 న్యూటన్ మీటర్లతో నట్టు బిగిస్తే, ఆ నొక్కుడు సుమారు 2 టన్నులు. మెకానిక్ గుంజిన ఒక్క గుంజుతో రెండు టన్నులు! మరలోని ఏటవాలుతనం చేసే మాయ అది.

రెండు టన్నులతో నొక్కుకున్న ఇనుప ముఖాలు ఒకదాని మీద ఒకటి జారాలంటే ఎంత బలం కావాలి? దీనికి సూత్రం 1699లోనే పారిస్‌లో గియోమ్ అమోంటన్ చెప్పాడు. రాపిడి బలం నొక్కుడుకు అనుపాతంలో ఉంటుంది, ఒరుసుకునే ముఖాల వైశాల్యంతో దానికి సంబంధం లేదు. నట్టు కింద రెండు పెద్ద వాషర్లు వేస్తే పట్టు పెరుగుతుందని నమ్మేవాళ్లకు మూడు వందల ఏళ్ల కిందటే వచ్చిన జవాబు ఇది. సాదా ఇనుము మీద ఇనుముకు రాపిడి గుణకం 0.15 అనుకుంటే ఒక్కో ముఖం 300 కిలోలు ఆపగలదు. స్వింగ్ ఆర్మ్ కాలుకు లోపలి ముఖం ఒకటి, బయటి ముఖం ఒకటి, కాళ్లు రెండు. మొత్తం నాలుగు ముఖాలకు 1,200 కిలోలు. ఆపాల్సింది 440. దాదాపు మూడు రెట్ల ధీమా. అడ్జస్టర్ల ఊసే లేకుండా వచ్చిన లెక్క ఇది.

మెకానిక్ మాటలోని శాస్త్రం సగం ఇదే. నమ్మకం కుదరకపోతే సైకిల్‌ని చూడండి. 70 కిలోల మనిషి పెడల్ మీద నిలబడి తొక్కితే, పెడల్ కడ్డీ పొడవుకూ పెద్ద పళ్లచక్రం వ్యాసార్ధానికీ ఉన్న తేడా వల్ల చైన్ మీద 130 కిలోల లాగుడు పడుతుంది. రెండు పక్కలా రెండు నట్లే దాన్ని ఆపుతాయి. నట్టు కాస్త వదులైన సైకిల్ ఎత్తు ఎక్కేటప్పుడు ఏం చేస్తుందో తొక్కినవాళ్లందరికీ తెలుసు. చైన్ ఉన్న పక్క చక్రం సర్రున ముందుకు జరిగి, టైరు అవతలి పక్క ఫోర్కుకు రాసుకుంటూ ఆగిపోతుంది.

బైకుకూ ఆ గతి పట్టే దారి ఉంది. ఇరుసు నట్టును 50కి బదులు 15 న్యూటన్ మీటర్లతోనే బిగించారనుకుందాం. నొక్కుడు 600 కిలోలకు, నాలుగు ముఖాల పట్టు 360కి పడిపోతుంది. 440 కన్నా తక్కువ. పైగా బరువు రెండు కాళ్ల మీదా సమానంగా పడదు. ఈ బళ్లలో చైన్ ఎడమ పక్క ఉంటుంది కాబట్టి సగానికి చాలా ఎక్కువే ఎడమ కాలు మోస్తుంది. జారితే ముందు జారేది ఎడమ పక్కే. ముఖాల మధ్య గ్రీజు చేరినా, దళసరి రంగు పూసినా పట్టు ఇంకా తగ్గుతుంది.

మరి అడ్జస్టర్ ఎందుకు? పట్టుకోవడం నట్టు పని అయినప్పుడు ఇంజనీర్లు ఆ మరలు అక్కడ ఎందుకు పెట్టారు?

దీనికి చైన్ దగ్గరికి వెళ్లాలి. ఇప్పుడు మనం వాడే రోలర్ చైన్‌ను స్విట్జర్లాండ్‌లో పుట్టి మాంచెస్టర్‌లో స్థిరపడ్డ హాన్స్ రెనాల్డ్ 1880లో రూపొందించాడు. పిన్ను, దాని మీద బుష్షు, బుష్షు మీద తిరిగే రోలరు. నూట నలభై ఏళ్లు దాటినా ఆ అమరిక అలాగే ఉంది. చైన్ "సాగింది" అని అంటాం గానీ దాని ప్లేట్లు సాగవు. పిన్నూ బుష్షూ ఒరుసుకునే చోట అరుగుతుంది. స్ప్లెండర్ తరహా బండి చైన్‌కు 104 లింకులు. ఒక్కో కీలు దగ్గర మి.మీ.లో ఇరవయ్యో వంతు అరిగినా చాలు, మొత్తం పొడవు 5 మి.మీ. పెరుగుతుంది. పొలం గట్టు మీద దుమ్ములోనూ, దమ్ము చేసిన మడి పక్క బురదలోనూ తిరిగే బండికి అదెంతసేపు! పెరిగిన పొడవుకు తగ్గట్టు చక్రాన్ని వెనక్కి జరపాలి. ఎంత జరపాలన్నదే అసలు కష్టం.

చాలా 100, 150 సీసీ బళ్ల మాన్యువల్‌లో చైన్ కింది వరసను మధ్యలో వేలితో ఎత్తి దించితే 20 నుంచి 30 మి.మీ. ఆడాలని రాసి ఉంటుంది. ఆ ఆట అవసరం. స్వింగ్ ఆర్మ్ కీలూ ముందు స్పాకెట్ కేంద్రమూ ఒకేచోట ఉండవు కాబట్టి, గతుకులో చక్రం పైకీ కిందికీ ఊగేటప్పుడు రెండు స్పాకెట్ల మధ్య దూరం మారుతూ ఉంటుంది. ఆట లేకుండా బిగిస్తే గతుకు గతుకుకూ చైన్ గేరుబాక్సు షాఫ్టును వెనక్కి గుంజుతుంది. బేరింగులు ఊరుకోవు.

ఆట 25 మి.మీ. ఉందనుకుందాం. అంటే తిన్నటి గీత నుంచి పైకి పన్నెండున్నర, కిందికి పన్నెండున్నర. స్పాకెట్ల కేంద్రాల మధ్య దూరం సుమారు 480 మి.మీ. బడిలో చదివిన పైథాగరస్ సూత్రం ఇక్కడ పనికొస్తుంది. మధ్యలో పన్నెండున్నర మి.మీ. వంగిన చైన్, తిన్నగా ఉన్నదానికన్నా పొడవు ఎంత ఎక్కువ? కేవలం 0.65 మి.మీ. అరచేయి మందాన వేలాడే చైన్‌లో నిజంగా మిగులున్న పొడవు గోరు మందం!

ఇప్పుడు ఇరుసు 1 మి.మీ. ముందుకు జారిందనుకోండి. చైన్ పైవరసకూ కిందివరసకూ చెరొక మి.మీ. చొప్పున 2 మి.మీ. వదులు వస్తుంది. మిగులు 0.65 నుంచి 2.65 అవుతుంది. ఆట 25 నుంచి 50 మి.మీ.కి పెరుగుతుంది. ఇరుసు 2 మి.మీ. జారితే 67. ఒక్క మి.మీ.కే చైన్ ఆట రెట్టింపు అన్నమాట. ఇటు నుంచి అటు చూసినా లెక్క అదే: సరైన ఆట రావాలంటే ఇరుసును మి.మీ.లో పావు వంతు తేడా కూడా లేకుండా నిలపాలి. సుత్తితో కొట్టి, కర్రతో తోసి, కంటితో చూసి పావు మి.మీ. దగ్గర ఆపడం ఎవరి తరం?

మరకు అది చిటికెలో పని. 6 మి.మీ. మరలో చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం 1 మి.మీ. నట్టును ఒక చుట్టు తిప్పితే ఇరుసు 1 మి.మీ. కదులుతుంది, పావు చుట్టు తిప్పితే పావు మి.మీ. ఆ పావు చుట్టుకే చైన్ ఆటలో దాదాపు 8 మి.మీ. తేడా వస్తుంది. అందుకే మంచి మెకానిక్ అడ్జస్టర్‌ను తిప్పేటప్పుడు చుట్లు లెక్కపెట్టడు, పలకలు లెక్కపెడతాడు. ఆరు పలకల నట్టులో ఒక్కో పలక చుట్టులో ఆరో వంతు. ఎడమ పక్క ఎన్ని పలకలు తిప్పాడో కుడి పక్కా అన్నే. నా దృష్టిలో అడ్జస్టర్ ముందుగా ఒక కొలత పరికరం, ఆ తర్వాతే బండి భాగం.

రెండో పని కూడా ఒకటుంది, కాస్త చిన్నది. నట్టు పట్టు ఎప్పుడైనా సడలితే ఇరుసు ముందుకు రాకుండా అడ్జస్టర్ అడ్డం నిలుస్తుంది. అది ముందుకే అడ్డం. వెనక బ్రేకు నొక్కినప్పుడు రోడ్డు చక్రాన్ని వెనక్కి నెడుతుంది. గతుకు అంచు తగిలినా అంతే. ఆ దిశలో ఈ లాగే రకం అడ్జస్టర్ ఏమీ ఆపదు, దాని మర కొసలోంచి బయటికి జారుతుంది. కొత్త బండిలో కూడా, వెనక్కి పోకుండా చక్రాన్ని పట్టి ఉంచేది నట్టు ఒక్కటే.

విరిగిన అడ్జస్టర్‌తో తిరిగేవాడికి ఇక్కడే చిక్కు. యాక్సిలేటర్ తిప్పితే ఇరుసు మీద ముందుకు తోపు, బ్రేకు నొక్కితే వెనక్కి, గతుకులో పడితే మళ్లీ వెనక్కి. నట్టు అక్షానికి అడ్డంగా ఇటూ అటూ ఆగకుండా కుదుపు. ఇలాంటి అడ్డ కుదుపు బోల్టుకు ఎంత చేటో జర్మన్ ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్ 1969లో ప్రయోగం చేసి చూపించాడు. బిగించిన బోల్టును పొడవు దిశలో ఊపడం కన్నా అడ్డంగా ఊపితే అది చాలా తొందరగా వదులవుతుంది. ముఖాలు ఒకదాని మీద ఒకటి రవ్వంత జారిన క్షణంలో మరలోని రాపిడి పట్టు తప్పుతుంది. ఆ సందులో నట్టు తనంతట తానే వెనక్కి తిరుగుతుంది. ఒక్కసారికి కనిపించదు. వందల సార్లకు పావు చుట్టు, ఆ తర్వాత అర చుట్టు.

కుదుపులకు రోడ్డే ఉండనక్కర్లేదు. చైన్ తనలో తనే కుదుపుతుంది. 14 పళ్ల స్పాకెట్ చైన్‌కు గుండ్రటి చక్రం కాదు, 14 భుజాల బహుభుజి. లింకు పంటి మీద ఎక్కినప్పుడూ, రెండు పళ్ల మధ్య తిన్నగా పరుచుకున్నప్పుడూ దానికి దొరికే వ్యాసార్ధంలో రెండున్నర శాతం తేడా ఉంటుంది. ఆ మేరకు చైన్ వేగం ప్రతి పంటికీ పెరిగి తగ్గుతుంది. గంటకు 40 కి.మీ. వేగంలో ఇది సెకనుకు 250 సార్లు జరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న బండిలో ఇదొక సన్నటి గరగర. పట్టు అంతంతమాత్రంగా ఉన్న నట్టుకు మాత్రం సెకనుకు 250 దెబ్బలు.

ఎడమ పక్క కాలు దగ్గర ఇరుసు 2 మి.మీ. ముందుకు జారి, కుడి పక్క కదలకపోతే ఏమవుతుంది? రెండు కాళ్ల మధ్య దూరం 200 మి.మీ. అనుకుంటే ఇరుసు అర డిగ్రీకి కాస్త ఎక్కువ వంకర తిరుగుతుంది. వెనక చక్రం ముఖం ఆ మేరకు కుడికి తిరుగుతుంది. నడిపేవాడికి బండి ఒక పక్కకు లాగుతున్నట్టు అనిపిస్తుంది; హ్యాండిల్ కొద్దిగా తిప్పి పట్టుకుంటేగాని తిన్నగా పోదు. చాలామంది దీన్ని టైరులో గాలి తక్కువైందని అనుకుని గాలి కొట్టించి వెళ్లిపోతారు. అర డిగ్రీ అంటే తక్కువేగా అనిపించవచ్చు. కానీ 480 మి.మీ. అవతల ముందు స్పాకెట్ దగ్గరికి చేరేసరికి చైన్ దాదాపు 5 మి.మీ. పక్కకు చూస్తుంటుంది. లింకు లోపలి ప్లేటు ప్రతి పంటి చెంపనూ గీకుతూ తిరుగుతుంది. స్పాకెట్ పళ్లు ఒక పక్కే తళతళా మెరుస్తుంటే అర్థం అదే.

పక్కకు చూసే చైన్, పైగా 60, 70 మి.మీ. ఆట. ఇక మిగిలింది చైన్ పంటి మీద నుంచి తప్పుకోవడమే. అది సాధారణంగా యాక్సిలేటర్ వదిలి మళ్లీ తిప్పిన క్షణంలో, లేదా స్పీడ్‌బ్రేకర్ దిగేటప్పుడు జరుగుతుంది. అదృష్టం బాగుంటే చైన్ ఊడి కింద వేలాడుతుంది, ఇంజన్ ఊరికే అరుస్తుంది, బండి దానంతట అదే ఆగుతుంది. బాగోకపోతే ఊడిన చైన్ ముందు స్పాకెట్‌కూ ఇంజన్ గోడకూ మధ్య ఉండచుట్టుకుని ఇంజన్ కేసింగ్‌నే పగలగొడుతుంది. లేదంటే వెనక స్పాకెట్‌కూ హబ్బుకూ మధ్య ఇరుక్కుని చక్రాన్ని బిగదీస్తుంది. వెనక చక్రం పరుగులో ఒక్కసారిగా బిగుసుకుంటే బండి తోక పక్కకు తిరుగుతుంది. వెనకాల లారీ ఉందా లేదా అన్నది అప్పుడు శాస్త్రం తేల్చే విషయం కాదు.

కాబట్టి ప్రశ్న "చక్రం ఊడిపోతుందా?" అన్నది కాదు. నట్టు ఇరుసు మీద ఉన్నంతవరకు చక్రం ఊడదు. అడగాల్సింది: నట్టుకు ఎంత పని చెబుతున్నాను?

ఇందులో నడిపేవాడి చేతిలో ఉన్నది చాలా ఉంది. బండీ మనిషీ కలిసి 180 కిలోలు, చదునైన రోడ్డు, గంటకు 30 కి.మీ. నిలకడ వేగం. గాలినీ టైరు రాపిడినీ తట్టుకోవడానికి రోడ్డు ఇవ్వాల్సిన తోపు సుమారు 6 కిలోలు. చైన్ మీద 20. ఇరుసు మీద మొత్తం 26 కిలోలు. ఫస్ట్ గేరులో చెవి మెలిపెట్టినట్టు యాక్సిలేటర్ తిప్పితే అదే ఇరుసు మీద 440. పదహారు రెట్లకు పైనే తేడా! ఫ్లైఓవర్ ఎక్కితే, నూటికి 5 చొప్పున ఎత్తు పెరిగే రోడ్డైతే, 26 కాస్తా 65 దాటుతుంది. వెనక ఇంకొకరు ఎక్కితే ఇంకా. మెకానిక్ అన్న "మెల్లగా" అనే మాటకు ఇంత లెక్క ఉంది. అందులో వేగం కన్నా ముఖ్యమైనది కుదుపు లేకపోవడం: క్లచ్ మెల్లగా వదలడం, యాక్సిలేటర్ ఒక్కసారిగా తిప్పకపోవడం, వెనక బ్రేకు మీద కాలు మోపకుండా ముందు బ్రేకుతో నిదానంగా ఆపుకోవడం. ముందు బ్రేకు వెనక ఇరుసును ముట్టుకోదు.

బయలుదేరే ముందు చేయాల్సినవి ఉన్నాయి. ఇరుసు నట్టు వదులు చేసి, విరిగిన పక్క చక్రాన్ని సరైన చోటికి తేవాలి. టైరుకూ స్వింగ్ ఆర్మ్ అడ్డగొట్టానికీ మధ్య ఒక చెక్కముక్క పెట్టి వెనక్కి మీటితే చక్రం జరుగుతుంది. స్వింగ్ ఆర్మ్ రెండు పక్కలా గీతలు కొట్టి ఉంటాయి. రెండు పక్కలా ఇరుసు ఒకే గీత దగ్గర ఉండాలి. గీతలు తుప్పుపట్టి కనిపించకపోతే స్వింగ్ ఆర్మ్ కీలు బోల్టు నుంచి ఇరుసుదాకా దారంతో రెండు పక్కలా కొలవడం మేలు, నిజానికి గీతల కన్నా దారమే నమ్మదగ్గది. చైన్ ఆట చూసుకుని, చెక్క తీయకుండానే నట్టు బిగించాలి. తీశాక బిగిస్తే ఆ బిగింపులోనే చక్రం రవ్వంత కదులుతుంది, ఆ రవ్వంతకు చైన్ ఎంత వేలాడుతుందో పైన చూశాం. నట్టుకు స్ప్లిట్ పిన్ ఉండే బండి అయితే పిన్ను తప్పనిసరి. డ్రమ్ము బ్రేకు బండిలో చక్రం ముందుకు జరిగిందంటే బ్రేకు రాడ్డు వదులై పెడల్ లోతుగా పోతుంది, దాన్నీ చూసుకోవాలి.

ఇలా ఊళ్లోని షెడ్డుదాకా పోవచ్చు. జాతీయ రహదారి ఎక్కి వంద కిలోమీటర్లు పోవడానికి నేను ఒప్పుకోను. విరిగిన అడ్జస్టర్‌తో నెలల తరబడి తిరిగే బళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి, వాటికేమీ కాలేదు కదా అంటారు. వాటి నట్టును ఎవరో ఒకరు మధ్య మధ్యలో బిగిస్తూనే ఉంటారు, పంక్చరు వేసేవాడైనా సరే. ఆ బిగింపే వాటిని నడిపిస్తోంది.

అసలు ఇవి ఎందుకు విరుగుతాయన్నది చూస్తే, తప్పు చాలాసార్లు రోడ్డుది కాదు, పానాది. హడావుడి షెడ్డులో జరిగేది ఇది: పెద్ద నట్టు వదులు చేయడానికి సైలెన్సర్ అడ్డం వస్తుంది, పెద్ద పానా వెతకాలి. కుర్రాడు ఇరుసు నట్టు వదులు చేయకుండానే అడ్జస్టర్ నట్టు తిప్పుతాడు. ఇరుసు కదలాలంటే ఆ పక్కన ఉన్న రెండు ముఖాల పట్టు, అంటే 600 కిలోలు దాటాలి. మెత్తటి ఉక్కుతో చేసిన 6 మి.మీ. మర 490 కిలోల దగ్గరే శాశ్వతంగా సాగడం మొదలవుతుంది. ఎవరు ముందు ఓడిపోతారో ఇక చెప్పనక్కర్లేదు. పానా తిరుగుతూనే ఉంటుంది, చేతికి మెత్తగా తగులుతుంది, చైన్ మాత్రం బిగియదు. మర సాగుతోంది. ఆ రోజు విరగకపోవచ్చు. సాగి సన్నబడ్డ చోట తుప్పు పట్టి, ఇంకో నెలకో రెండు నెలలకో తానే తెగుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపుటొడ్డు ఊళ్లలో ఉప్పుగాలి ఆ గడువును ఇంకా తగ్గిస్తుంది. తుప్పుపట్టి బిగుసుకున్న లాక్ నట్టు మీద బలం చూపించినా అంతే. జానెడు కన్నా చిన్న పానా కొసన పది కిలోల బలం పెడితే వచ్చే టార్క్ 15 న్యూటన్ మీటర్లు. ఆ మరకు సరిపడే బిగింపు 5 దరిదాపు.

అన్ని బళ్లకూ ఈ మర ఉండదు. పాత రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్‌లో ఇరుసు రెండు కొసలా నత్తగుల్ల ఆకారంలో చుట్టు తిరిగిన బిళ్లలు ఉంటాయి, అంచున వరసగా గాట్లు. బిళ్లను తిప్పితే గాటు గాటుకూ ఇరుసు కాస్త వెనక్కి పోతుంది. తెగిపోవడానికి సన్నటి మరంటూ ఏమీ లేదు, రెండు పక్కలా గాట్లు లెక్కపెట్టుకుంటే చక్రం తిన్నగా ఉంటుంది. రెండు గాట్ల మధ్య నిలపాలంటే మాత్రం కుదరదు. మరలో ఉన్న సన్నటి కొలత ఇందులో లేదు, ఇందులో ఉన్న మొండితనం మరలో లేదు.

విరిగిన అడ్జస్టర్ మార్చడం పెద్ద పనేం కాదు. చక్రం కిందికి వాలకుండా బండిని సెంటర్ స్టాండు మీద నిలిపి, ఇరుసును కొద్దిగా బయటికి లాగి, పాత అడ్జస్టర్ తీసి కొత్తది ఎక్కించడమే. ఒకటి విరిగితే రెండూ మార్చడం మేలు. రెండూ ఒకే వయసువి, ఒకే పానా దెబ్బలు తిన్నవి. మరకు గ్రీజు రాయాలి, స్వింగ్ ఆర్మ్ ముఖానికి మాత్రం అంటనీయకూడదు. అక్కడ కావాల్సింది రాపిడే. కొత్త అడ్జస్టర్ మీద రంగు పూత ఉంటే, రెండు టన్నుల నొక్కుడుకు ఆ పూత నలిగి పలచబడుతుంది. పలచబడిన మేరకు సాగిన ఇరుసు వెనక్కి ముడుచుకుని బిగింపు తగ్గుతుంది. అందుకని యాభై, వంద కిలోమీటర్లు తిరిగాక ఇరుసు నట్టును మళ్లీ ఒకసారి బిగించి చూడాలి. అడ్జస్టర్‌ను ముట్టుకోనక్కర్లేదు.